శబ్దవేధి బావగారు

పాత కారు స్టార్టయ్యే చప్పుడు విని దాని జాతకం చెప్పే పెద్దమనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. మా వైపు ఆ పదవి అక్క మొగుడిది. బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఏం చెప్పినా నమ్మకూడదన్నది అక్కడ పట్టుబడిన విద్య. ఇప్పుడది మెకానిక్కుల మీద ప్రయోగిస్తున్నారు.

ఆయనది 1998 మోడల్ మారుతి 800. చోక్ లాగి స్టార్ట్ చేసే కార్బురేటర్ బండి. 2014 జనవరిలో కంపెనీయే ఆ కారు చెయ్యడం మానేసింది గానీ బావగారు నడపడం మానలేదు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ గడువు తీరితే, అక్కణ్ణుంచి ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకొస్తున్నారు. అక్క నగలు బ్యాంకులో ఉంటాయి, కారు మాత్రం కళ్లెదురుగా ఉండాలి.

లబ్బీపేటలో వాళ్లింట్లో పొద్దున్న ఆరింటికి కుక్కర్ పెట్టకూడదు, టీవీలో సుప్రభాతం రాకూడదు. బావగారు లుంగీ ఎగగట్టి, బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ట్యాపెట్ కవర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటారు. డ్రైవర్ సీట్లో అక్క. ఆవిడకు లైసెన్సు లేదు గానీ తాళం తిప్పడంలో ఉన్న అనుభవం ఏ డ్రైవర్‌కీ లేదు. "తిప్పు! రేజ్ చెయ్! చాలు చాలు, ఆపు!" పక్కింటివాళ్లు అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు.

ఆయనకేమీ తెలియదని అనను. స్టార్ట్ చెయ్యగానే కిర్రుమని అరిచి కాసేపట్లో సర్దుకుంటే బెల్టు వదులైందేమో చూడాలి. కాసిని నీళ్లు చల్లి చూస్తే, చప్పుడు మారిందంటే నేరం బెల్టుదే. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది కాబట్టి, పైకి ఎక్కేదాకా ట్యాపెట్లు టిక్కుటిక్కుమంటాయి. మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకైతే చఫ్‌చఫ్‌మంటుంది; ఇనుము వేడెక్కి వ్యాకోచించి సందు మూసుకోగానే ఆగిపోతుంది. ఉత్త టక్కుమని ఊరుకుంటే ముందు బ్యాటరీ టెర్మినల్స్ తుడవాలి. ఇవన్నీ ఆయనే నాకు నేర్పారు. చిక్కల్లా ఏమిటంటే, ఇన్ని చవక రోగాలు తెలిసీ ఆయన నోట ఎప్పుడూ ఖరీదైన రోగమే వస్తుంది.

సరే, ఆటోనగర్ వెళదామని బయల్దేరదీస్తే, బెంజి సర్కిల్ దాటేలోపు ఇంజన్ వేడెక్కి చప్పుడు మాయమవుతుంది. మెకానిక్ చెవి ఒగ్గి, "ఏదీ సార్?" అంటాడు. అప్పుడు బావగారు ఆ చప్పుడు నోటితో చేసి వినిపిస్తారు. పక్క షెడ్ల కుర్రాళ్లు కూడా పని ఆపి వస్తారు. మెకానిక్ మర్యాదస్థుడు: "రాత్రికి బండి ఇక్కడ వదిలెయ్యండి. బాగా చల్లారాక పొద్దున నేనే స్టార్ట్ చేసి వింటా" అంటాడు. ఈ రోగానికి ఉన్న మందు అదొక్కటే. కానీ బండిని పరాయిచోట పడుకోబెట్టడానికి బావగారు ఒప్పుకోరు. మర్నాడు ఆరింటికి మళ్లీ అక్క, మళ్లీ తాళం.

ఆయన ఇంటికి కార్లో వెళ్లినవాడికి మంచినీళ్లకంటే ముందు బానెట్ పరీక్ష జరుగుతుంది. నా శాంత్రోని కూడా అలాగే విన్నారు. కళ్లు మూసుకుని, "ఏవోయ్, బోరుకొచ్చింది. ఇంజన్ దింపాల్సిందే" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు మెకానిక్ బండి కిందికి దూరి, సైలెన్సర్ రేకుకు వదులైన బోల్టు బిగించి బయటికొచ్చాడు. చప్పుడు పోయింది. డబ్బులు కూడా తీసుకోలేదు. శబ్దవేధి విద్యలో దశరథుడంతటివాడే కుండ మునిగే చప్పుడుని ఏనుగనుకున్నాడు కదా అని సరిపెట్టుకుని, బావగారికి ఫోన్ చేశాను. "నేనన్నదీ అదేగా! కిందనుంచి వస్తోందని చెప్పలేదూ?" అన్నారు.

అలాగని తీసిపారెయ్యలేం. మా తోడల్లుడి కొడుకు సెకండ్‌హాండ్ కారు కొని, తిరుపతి ప్రయాణానికి బయల్దేరుతూ ఆశీర్వాదానికి వచ్చాడు. స్టార్ట్ చెయ్యగానే బావగారు చెయ్యెత్తి ఆపించారు. ఆయిల్ స్టిక్ లాగితే మొనకి తడి కూడా లేదు. దగ్గరుండి ఆయిల్ పోయించి, టిక్కుటిక్కు ఆగేదాకా నిలబడి, అప్పుడు అక్షింతలు వేశారు. ఆ ఒక్క పూట ఆయనకు కోపం రాలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు.

నా అనుమానం ఒకటే. ఆయనకు చప్పుడు పోవడం ఇష్టం లేదు. పోతే పొద్దున్న ఆరింటికి ఏం చెయ్యాలి?

అంచేత పాత కారున్నవాళ్లకు ఒక మాట. పొద్దున్నే చప్పుడొస్తే ముందు ఆయిల్ చూసుకోండి, తర్వాత బెల్టు, బ్యాటరీ. అప్పటికీ తేలకపోతే రాత్రికి మెకానిక్ దగ్గర వదిలెయ్యండి. లబ్బీపేట మీదుగా వెళ్లినా పర్వాలేదు. మా బావగారి గుమ్మం ముందు మాత్రం ఇంజన్ ఆపకండి. ఆపితే మళ్లీ స్టార్ట్ చెయ్యాలి!