అరకు వెళ్లి ఏమీ చూడకుండా రావడం ఎలా?

అరకు వెళ్లడం గొప్ప కాదు. టిక్కెట్టు కొంటే రైలే మోసుకుపోతుంది. అక్కడ చూడాల్సినవేవీ చూడకుండా, ‘అన్నీ చూసేశాం’ అనిపించుకుని రావడంలోనే ఉంది ప్రజ్ఞ. ఈ కింది సూచనలు పాటించండి. రెండు రోజుల్లో పని పూర్తవుతుంది.

1. రైల్లో నిద్రపోండి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరులో రుమాలు వేసి కిటికీ సీటు పట్టండి. పట్టాక షట్టరు దించి పడుకోండి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్నుంచి జపానుకు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను ఇదని ఏ పెద్దాయనో పిల్లలకు చెప్పబోతే మాత్రం లేవండి. సొరంగం రాగానే గొంతు చించుకుని అరవండి. ఆయనే ఊరుకుంటాడు.

2. బొర్రా గుహల్లో గైడును పెట్టుకోకండి. డబ్బిచ్చి పెట్టుకున్న కుటుంబం వెనకాలే, వాళ్ల బావమరిదిలా నడవండి. చెప్పినవన్నీ ఉచితంగా వినండి. చివర్లో గైడు మీవైపు చూస్తే ఫోను చెవిన పెట్టుకుని ‘హలో, హలో, సిగ్నల్ లేదు’ అంటూ పైకి వచ్చేయండి.

3. గుహలో గుర్తు వదలండి. సున్నపురాయిని కరిగించుకున్న నీరు బొట్టుబొట్టుగా కారి, పైకప్పు నుంచి కిందికీ నేల నుంచి పైకీ రాతి కడ్డీలు కడుతుంది. మనిషి చేతి జిడ్డు అంటుకుంటే ఆ చోట పెరుగుదల ఆగిపోవచ్చు. కాబట్టి తప్పకుండా తడమండి. చిన్న ముక్క విరిగితే జేబులో వేసుకోండి, షోకేసులో పెట్టచ్చు. ఎవరైనా అడ్డుపడితే ‘మళ్లీ పెరుగుతుంది లెండి’ అనండి. ఎన్ని వేల ఏళ్లకో చెప్పక్కర్లేదు. మిగిలిన గోడ మీద మీ పేరూ మీ ఆవిడ పేరూ చెక్కండి. పెళ్లి కాకపోతే ఎవరో ఒకరి పేరు.

4. గిరిజన మ్యూజియానికి మూసేముందు వెళ్లండి. ఏడో తరగతి పిల్లాడికి ఐదేళ్లని చెప్పి టిక్కెట్టు మిగల్చండి. మోకాళ్లు వంచి నడవడం వాడికి ముందురోజే నేర్పండి. లోపల ఇళ్ల నమూనాలు, నగలు, పనిముట్లు ఉంటాయి. బగతలెవరు, గదబలెవరు, పోర్జాలెవరు అని వాడు అడిగితే ‘అందరూ ఒకటేరా, నడు’ అనండి. మరుగుదొడ్డి ఎటో మాత్రం శ్రద్ధగా కనుక్కోండి.

5. థింసా నాట్యాన్ని ఉద్ధరించండి. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని వరసగా అడుగులేస్తుంటారు. మధ్యలో దూరి సినిమా స్టెప్పు వేయండి. వీడియో తీసుకున్నాక, డబ్బుల దగ్గర బేరమాడండి.

6. పద్మాపురం తోటకు ఎరువు వేయండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అది. కాబట్టి తిండితో దానికి పాత చుట్టరికమే. పులిహోర పొట్లం విప్పండి. తిన్నాక విస్తళ్లూ నీళ్ల సీసాలూ గులాబీ మొక్కల మొదట్లో సర్దండి.

7. కాఫీ మ్యూజియంలో చాక్లెట్లు కొనండి. ఇక్కడి అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఒక గుక్క తాగి ‘మా ఇంట్లో ఇన్‌స్టంట్ పొడే నయం’ అనండి. పక్కవాళ్లకు వినబడాలి.

8. చింతపల్లి ఎగ్గొట్టండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన ఊరది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అంత దూరం ఎవరు పోతారు? 1974లో ఆయన మీద హీరో కృష్ణ సినిమా వచ్చింది, అది చూశాం, చాలు. బ్రిటిషువాళ్లు అడవి చట్టాలతో పోడు సాగు ఆపేసి, రోడ్డు పనికి వెట్టి చేయించుకున్నందుకు మన్యం తిరగబడిందట కదా అని పిల్లలు అడిగితే ‘పరీక్షలో రాదులే’ అనండి. ఆ మిగిలిన పూటంతా బొంగు చికెన్ దగ్గర క్యూలో గడపండి.

9. ఇంటికొచ్చి తీర్పు చెప్పండి. ఎదురింటివాళ్లు వెళ్దామనుకుంటుంటే ‘ఏముందండీ అక్కడ? నాలుగు రాళ్లు, గబ్బిలాలు’ అని ఆపేయండి. మొదట్లో ఇది అబద్ధంలా అనిపించచ్చు. కంగారుపడకండి. మనమంతా ఏటా వెళ్లి మూడో సూచన, ఆరో సూచన వదలకుండా పాటిస్తే, కొన్నాళ్లకు అదే అక్షరాలా నిజమవుతుంది.