యానాం పెట్రోలు యాత్ర

విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో టీ కొట్ల దగ్గర కొత్త ఆర్థికశాస్త్రం పుట్టింది. "యానాంలో ట్యాంకు ఫుల్లు కొట్టిస్తే లీటరుకి పది రూపాయలు మిగుల్తాదండీ!" చెప్పేవాడి గొంతులో రిజర్వు బ్యాంకు గవర్నరు పలుకుతాడు.

ఆ పది రూపాయలు మాత్రం అబద్ధం కాదు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, అది చాలదన్నట్టు రూపాయి రోడ్డు సెస్సు. యానాం పుదుచ్చేరిది కనుక అక్కడ బాదుడు తక్కువ. సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశాలో దిగినా చవకే. మన మల్కాపురంలో రిఫైనరీ 1957 నుంచి నడుస్తోంది. ఏం లాభం, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు!

ఇక లెక్కకొద్దాం. యానాం రానూపోనూ మూడు వందల కిలోమీటర్ల పైమాటే. లీటరుకు పదిహేను ఇచ్చే కారు ఇరవై లీటర్లు తాగుతుంది. అంటే రెండు వేలు. నలభై లీటర్ల ట్యాంకు మీద మిగిలేది నాలుగు వందలు. వేంపాడు టోలు, తునిలో టిఫిను అదనం. పదహారు వందలు పోగొట్టుకుని పొదుపు చేశానని మీసం మెలేసే ఘనుడికి ఏ సన్మానం చేసినా తక్కువే.

పొగ లెక్క ఎవరికీ పట్టదు. గాలి బాగుచేయాల్సిన నగరాల కేంద్ర జాబితాలో విశాఖ ఉంది. పోర్టు బొగ్గు ధూళిని తిట్టే నోళ్లే ఊరికే ఇరవై లీటర్లు తగలబెట్టి వస్తాయి. లండన్‌లో 2023 ఆగస్టు నుంచి నగరమంతటా నియమం ఒకటే: ప్రమాణాలకు అందని పాత కారు రోడ్డెక్కితే రోజుకు 12.50 పౌండ్లు. ఢిల్లీలో 2025 జులై 1 నుంచి కాలం చెల్లిన బండ్లకు పెట్రోలు పోయొద్దన్నారు. జనం గగ్గోలు పెట్టేసరికి పదిరోజులు తిరక్కుండానే వాయిదా వేశారు. మన దగ్గర ఆ గొడవే లేదు. పాత బండికి హరిత పన్ను కడితే చాలు, రసీదు జేబులో పెట్టుకుని ఎంత పొగైనా వదలొచ్చు.

ఇచ్ఛాపురం దాటి ఎలాగూ పోయే లారీ ఒడిశాలో డీజిల్ కొట్టించుకుంటే అది తెలివి. దాన్ని ఆపాలంటే ప్రభుత్వం పన్ను తగ్గించుకోవాలి, అంతే. మీకు యానాంలో చుట్టాలుంటే వెళ్లండి, గోదావరి చూడండి, వస్తూ ట్యాంకు నింపుకోండి. పెట్రోలు కోసమే అయితే మాత్రం మద్దిలపాలెం బంకే చవక.