తలకట్టు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: 2022 ఏప్రిల్ 4 దాకా పశ్చిమ గోదావరి, ఆపైన ఏలూరు జిల్లా అయిన చింతలపూడిలో, వినాయక చవితి ముందర, యూత్ టీషర్టుల మీద ఊరి పేరు వెల్వెట్‌లో కావాలని కుర్రాళ్లు ఎగబడగా, రేడియం షాపువాడు కటింగ్ మెషీన్‌కు దణ్ణం పెట్టి చెప్పిన పద్యం.

అక్షరంబుఁ దిప్పి యద్దమందునఁ జూచి
నూగు క్రిందఁ బెట్టి నొక్కి కోసి
చెత్త పీకువేళఁ జేజారు తలకట్టుఁ
బట్టినట్టివాఁడె పండితుండు

టీక: తిప్పి = కోరెల్‌డ్రాలో మిర్రర్ కొట్టి; నూగు = వెల్వెట్ ముఖాన్ని; క్రిందఁ బెట్టి = మెషీన్‌లో బోర్లించి; నొక్కి = కత్తికి గ్రాముల లెక్కన బరువిచ్చి; కోసి = అడుగు ప్లాస్టిక్ పొర తెగకుండా కోసి; చెత్త = అక్షరం కానిది; పీకు = పిన్నుతో ఎత్తి లాగు; తక్కినది స్పష్టం.

తాత్పర్యం: మెషీన్ కోస్తుంది, చదవదు. చదివేవాడు చెత్త పీకే చోట కూర్చోవాలి.

విశేషాలు: నూగు అనగా అర మిల్లీమీటరుకు అటూఇటూ తరిగిన రేయాన్ వంటి పోగులు. విద్యుదావేశంతో వీటిని జిగురు మీద నిటారుగా నాటుతారు. ఏలూరు తివాచీలో నూగును నేతగాడు ముడివేసి నిలుపుతాడు. ఇక్కడ ముడి లేదు, జిగురే దిక్కు. మందం కనుక, నంబరు ప్లేటు స్టిక్కరు కోసే 45 డిగ్రీల కత్తి కన్నా 60 డిగ్రీల కత్తి మేలు. 'నొక్కి' ఎంత అని మూలకర్త చెప్పలేదు. ఓ మూల చిన్న చదరం కోసి చూసుకోవాలన్నది సంప్రదాయం.

పాఠాంతరం: 'నూగు పైకిఁ బెట్టి' అని కొందరు. అప్పుడు కత్తి ప్లాస్టిక్ పొరను కోసి, కింది జిగురును వదిలేస్తుంది. ఈ పాఠానికి ప్రతులు షాపు చెత్తబుట్టలో లభ్యం.

శంక: తెర మీద ముచ్చటగా ఉన్న 'పూ' కోశాక మూడు ముక్కలెందుకైంది?

సమాధానం: చాలా ఫాంట్లలో కొమ్ము అక్షరం మీదికి ఎక్కి ఉంటుంది. అచ్చులో సిరా ఆ అతుకును కప్పేస్తుంది. కత్తి మాత్రం రెండు గీతల వెంటా నడిచి రెంటినీ తెగ్గోస్తుంది. అందుకని ముందే వెల్డ్ కొట్టి ఒకటి చేయాలి. మూలకర్త ఇది చెప్పకపోవడం, నా మటుకు, లోపమే. అయితే వెల్డ్‌కూ లొంగనిది తలకట్టు. తకు అది అంటుకునే ఉంటుంది. లకు అసలు లేదు. ప మీద మాత్రం గాలిలో తేలుతుంది. చెత్తను సర్రున లాగితే దాంతోపాటు లేచిపోతుంది. పిన్ను మొన తలకట్టు మీద ఆనించి, చెత్తను వాలుగా, మెల్లగా లాగాలి. లేచిపోయినదాన్ని వెతికి పట్టుకున్నా తిరగేసి అంటించే ప్రమాదముంది, ఎందుకంటే పొర మీద ఊరి పేరంతా అద్దంలో ఉంది. చింతలపూడిలో అద్దానికి లొంగనిది సున్న ఒక్కటే.

ఆపై ప్రెస్సు: 160 డిగ్రీల చుట్టుపక్కల, పదిహేను ఇరవై సెకన్లు. చల్లారాక పొర ఒలవాలి. తొందరపడితే ఏమవుతుందో టీకాకారుడు రాయనక్కర్లేదు, కుర్రాళ్లే చెబుతారు.

'పండితుండు' ఎవరు? మెషీన్ కొన్న యజమాని అని యజమాని వ్యాఖ్య. పిన్ను పట్టుకుని స్టూలు మీద కూర్చున్న అమ్మాయి అని మా మతం.

చొక్కా వెనక వేసే 7కు తలకట్టు లేదు కనుక, అక్కడ టీక అనవసరం.