డేజన్‌లో ఏముంది, బన్ను తప్ప!

దక్షిణ కొరియాలో ఉద్యోగాలు చేసే విదేశీయుల్లో వారాంతపు తీర్పరులని ఒక తెగ ఉంది. వీళ్లలో మనవాళ్లూ తక్కువేమీ లేరు. శనివారం పొద్దున సియోల్‌లో కేటీఎక్స్ రైలెక్కుతారు. గంట తిరక్కుండా డేజన్‌లో స్నేహితుడి ముందు దిగుతారు. ఆదివారం రాత్రి సియోల్ చేరేసరికి ఆ ఊరి జాతకం రాసేసి ఉంటారు: "అక్కడేమీ లేదు మామా, ఒక్క బేకరీ తప్ప."

పద్నాలుగు లక్షల పైచిలుకు జనం ఉన్న నగరం ఒక్క వాక్యంలో ఖాళీ అయిపోయింది.

పోనీ, ఈ తీర్పయినా సొంతమా అంటే అదీ కాదు. డేజన్‌ని సరదా లేని ఊరని కొరియన్లే ఎప్పటినుంచో ఆటపట్టిస్తుంటారు. డేజన్‌కి స్నేహితుడొస్తే ఏం చేయాలో చెప్పే ఒక బొమ్మ ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. అందులో ఏ బాణం పట్టుకుని వెళ్లినా చివరికి బేకరీకే చేరతాం. ఆ తర్వాత వచ్చినవాణ్ని రైలెక్కించేయడమే. అది ఊరివాళ్లు తమ మీద తాము వేసుకున్న జోకు. మన అతిథి దాన్ని రైల్లో కూర్చుని చూసి, గైడు పుస్తకమనుకున్నాడు.

ఆ బేకరీని తక్కువ చేయాల్సిన పని లేదు. సంగ్‌షిమ్‌డాంగ్ 1956లో డేజన్ స్టేషన్ ఎదుట ఆవిరి బన్నుల బండిగా మొదలైంది. పెట్టినవాడు కొరియా యుద్ధంలో ఉత్తరాది నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన శరణార్థి. పెట్టుబడి, చర్చి ఫాదర్ ఇచ్చిన రెండు బస్తాల గోధుమపిండి. 1980లో పుట్టిన వేయించిన సొబొరో బన్ను, పైన కరకర, లోపల ఎర్రగింజల తీపి ముద్ద, ఇప్పటికీ వాళ్ల పేరు నిలబెడుతోంది. ఇంత గిరాకీ ఉండీ డేజన్ పొలిమేర దాటి ఒక్క దుకాణం కూడా తెరవలేదు. ఈ కథేదీ అతిథికి అక్కర్లేదు. ఆయన క్యూలో నిలబడ్డాడు, పెట్టెను ఫొటో తీశాడు, తిన్నాడు, "ఇంతేనా?" అన్నాడు. శనివారం సగం ఆ వరసలోనే కరిగిపోయింది కాబట్టి, ఊళ్లో చూడ్డానికి ఏమీ దొరకలేదన్న ఆయన ఫిర్యాదులో అబద్ధం లేదు.

ఇక ఆతిథ్యమిచ్చినవాడి సంగతి. డేజన్‌లోని కైస్ట్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసుకునే ఆ పిల్లాడు ప్రయోగాన్ని సోమవారానికి వాయిదా వేసుకుని, అన్నం వండి, పప్పు పెట్టి, "మా క్యాంపస్ చూపిస్తా రారా" అన్నాడు. "ఆఫీసు నుంచి పారిపోయి వస్తే మళ్లీ ఆఫీసు చూపిస్తావా!" అని జవాబొచ్చింది.

ఆ 'ఆఫీసు'లో ఏముందో చూద్దాం. కొరియా మొట్టమొదటి ఉపగ్రహం, 1992లో కక్ష్యలోకి వెళ్లిన కిట్‌శాట్-1, కైస్ట్ వాళ్లదే. వాళ్లదే కిట్‌శాట్-3 1999 మే 26న ఎక్కడి నుంచి ఎగిరిందనుకున్నారు? మన శ్రీహరికోట నుంచి, పీఎస్‌ఎల్‌వీ-సీ2 మీద. విదేశీ ఉపగ్రహాలను పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లడం అదే మొదలు. 2015లో అమెరికాలో జరిగిన డార్పా రోబోల పోటీలో మొదటి బహుమతి కొట్టిన హ్యూబో రోబో పుట్టిల్లూ ఇదే. కొరియాలో 1996లో సీడీఎంఏ ఫోన్లు మోగడం వెనకున్న ఈట్రీ పరిశోధన సంస్థ కూడా ఈ ఊరిదే. 2003లో 501 రూపాయలు కట్టి ఇంటికి రిలయన్స్ ఫోన్ తెచ్చుకున్న తెలుగు కుటుంబాలు వాడింది ఆ సీడీఎంఏ పద్ధతినే. అయినా మన తెలుగు అతిథికి ఇక్కడ తనకు సంబంధించినదేదీ కనపడలేదు.

"ల్యాబులు టూరిస్టు స్థలాలా?" అంటారా? ఒప్పుకుందాం. మరి గ్యేజోక్‌సాన్ కొండ? ఉత్త కాళ్లతో నడవడానికి అక్కడ 14.5 కిలోమీటర్ల ఎర్రమట్టి దారి ఉంది. వేయించింది సోజు అనే మద్యం తయారుచేసే ఓ కంపెనీ. అతిథి దృష్టిలో అది బురద. యుసాంగ్‌లో వీధి పక్కనే ఉచితంగా కాళ్లు ముంచుకునే వేడినీటి ఊట: గీజర్ ఇంట్లోనే ఉందిగా! ఊరి జట్టు హన్వా ఈగిల్స్ బేస్‌బాల్ మ్యాచ్: 1999లో ఒక్కసారి కప్పు గెలిచిన జట్టును ఇన్నేళ్లుగా గొంతు చించుకుని భుజాన మోస్తున్న అభిమానులను చూడటమే ఒక వినోదం. కానీ ఓడే జట్టుకు టికెట్టు దండగట. కొరియా యుద్ధంలో, 1950 జులైలో, ఈ వీధుల్లోనే అమెరికా జనరల్ విలియం డీన్ బజూకా బృందాలతో ట్యాంకుల వెంట పడ్డాడు. ఆ తర్వాత నెలరోజులకు పైగా కొండల్లో తిరిగి శత్రువుకు చిక్కాడు. అంతకుముందు కొన్ని వారాలు ఈ ఊరే దేశానికి తాత్కాలిక రాజధాని. ఇంత జరిగిందంటే, "మరి ప్యాలెస్ ఏదీ?" అన్నాడు.

అసలు తిరకాసంతా అక్కడే ఉంది. సియోల్‌లో గ్యోంగ్‌బోక్‌గుంగ్ ప్యాలెస్ చూసిన కళ్లు ప్రతి ఊళ్లోనూ రాజభవనాన్నే వెతుకుతాయి. డేజన్ రాజులు కట్టిన ఊరు కాదు. 1905లో సియోల్-బుసాన్ రైలుమార్గం వచ్చాక ఎదిగిన ఊరు. 1914లో హోనమ్ రైలు లైను ఇక్కడే చీలడంతో జంక్షన్‌ అయింది. ఇంజన్ మార్చేదాకా రైలు ఆగితే ప్రయాణికులు ప్లాట్‌ఫాం మీద నిలబడి నూడుల్స్ జుర్రుకునేవారు. అలాంటి చోట ప్యాలెస్ అడగడం డోర్నకల్ జంక్షన్‌లో దిగి రాజుగారి కోట ఎటు అన్నట్టుంటుంది.

కాబట్టి వచ్చే శనివారం డేజన్ బయల్దేరే మిత్రులకు ఒక మనవి. ఆ బేకరీకి రైల్వే స్టేషన్‌లోనే శాఖ ఉంది. బన్నులు తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి. ఈలోగా, మీకోసం ప్రయోగం ఆపుకున్న వాణ్ని "ఇక్కడ నువ్వు చేసే పనేంట్రా?" అని ఒక్కసారి అడిగి, వాడు చెప్పేది చివరిదాకా వినండి. తీర్పు ఆ తర్వాత ఇద్దురుగాని.