మంచం పక్కన వినకూడని సలహాలు

ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మండలంలో ఏ ఇంట్లో మనిషి పడిపోయినా వాడకట్టంతా వచ్చి నిలబడుతుంది. వచ్చినవాళ్ళంతా మేలు కోరేవాళ్ళే. అయినా వాళ్ళు చెప్పే మాటల్లో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్ని రాస్తున్నాను.

"పురుగు ముట్టిందా? పైన తాడుతో బిగించి కట్టండి. గాటు కోసి రక్తం పిండండి."

పాము కరిచినప్పుడు బిగించి కడితే విషం ఆగదు, కాలికి వెళ్ళే రక్తం ఆగిపోతుంది. రక్తపింజర కరిస్తే రక్తానికి గడ్డకట్టే గుణమే పోతుంది కాబట్టి కోసిన చోట కారుతూనే ఉంటుంది. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు తీసేయండి. బద్ద పెట్టి వదులుగా కట్టి, కాలు కదలనీయకుండా, మనిషిని నడిపించకుండా పాము మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఎవరైనా ముందే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పేయకండి, ఆసుపత్రిలో అన్నీ సిద్ధంగా పెట్టుకుని విప్పుతారు. పామును చంపి తీసుకెళ్ళే పని కూడా లేదు. మన దగ్గర ఎక్కించే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసినదే.

"గాటు లేదు, నొప్పి లేదు, పొద్దున చూద్దాంలే."

నన్ను ఎక్కువ భయపెట్టే సలహా ఇదే. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. చాలాసార్లు గాటు కనపడదు, మంట పుట్టదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి అందకపోవడం. ఆసుపత్రిలో ఈ వరసను కనిపెట్టేది మంచం పక్కనున్న నర్సు. ఒకే ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో రోగిచేత చెప్పిస్తుంది. ఇందాక ముప్పై దాకా వచ్చినవాడు ఇప్పుడు పన్నెండు దగ్గరే ఆగిపోతే, వెంటిలేటర్ సిద్ధం చేయమని డాక్టర్‌ను పిలుస్తుంది. పింజర కాటని అనుమానం ఉంటే పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒంచి చూస్తుంది. గడ్డకట్టకుండా జారితే పాము మందు ఎక్కించాల్సిందే. ఆ మందు కొందరికి పడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఎక్కించే ముందే ఆడ్రినలిన్ సిరంజిలో తీసి చేతికందేలా పెట్టుకుంటుంది.

"చిన్నపిల్ల కదా, సగం మందు వేయండి" అని వేడుకునే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ చిన్న ఒంట్లోకి దిగిన విషం చిన్నదేమీ కాదు. డోసు పిల్లకూ పెద్దకూ ఒకటే.

"మూతి వంకర పోయిందా? ముందు ఊళ్ళో గ్లూకోజు పెట్టించండి, పావురం రక్తం రాయండి."

పక్షవాతంలో మెదడులో అడ్డుపడిన గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే వేయాలి. అంతకుముందు సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. ఎర్రుపాలెం నుంచి ఇటు ఖమ్మం, అటు విజయవాడ, ఎటు వెళ్ళినా దారికే కొంత సమయం పోతుంది. గ్లూకోజు సీసా అయిపోయేదాకా కూర్చుంటే మిగిలేది ఏముంటుంది? పైగా పక్షవాతంలో ఒంట్లో చక్కెర పెరిగితే మెదడుకు మరింత చేటు. మనిషి ఆఖరిసారి మామూలుగా మాట్లాడింది ఎన్నింటికో కాగితం మీద రాసుకుని బయల్దేరండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. నోట్లో మంచినీళ్ళు పోయకండి. మింగే శక్తి పోయి ఉంటే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

మిరప, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టి పడిపోయినవాళ్ళకు ఉప్పునీళ్ళు పట్టించి కక్కించమంటారు. వద్దు. బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంట తీసుకుని వెళ్ళండి. కడిగేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఆ మందు చర్మం గుండా కూడా ఎక్కుతుంది.

"మంచానపడ్డాక పుండ్లు పడక మానవు."

మానతాయి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకండి, లోపలి కండ ఇంకా నలుగుతుంది. గాలి ట్యూబు మీద కూర్చోబెట్టినా చుట్టూ ఒత్తిడి పడి రక్తం అందదు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, ఈడ్చకుండా దుప్పటితో ఎత్తి మార్చాలి. గాలి పరుపు కొన్నా ఈ పని తప్పదు. కోడలో కూతురో ఒక్కతే రాత్రంతా ఇది చేయలేదు. ఇంట్లో మగవాళ్ళు వంతు తీసుకోవాలి.

ఇక పిల్లల చదువు దగ్గర వినిపించే సలహా: "డాక్టర్ సీటు రాకపోతే నర్సింగ్‌లో వేయండి, సూదులేసే పనేగా."

ఊపిరి లెక్క తగ్గడం చూసి డాక్టర్‌ను పిలిచే నర్సు పనిని ఇంత తేలిక చేసే మాట ఇంకోటి లేదు. ఏఎన్ఎం రెండేళ్ళు, అది ఆడపిల్లలకే. జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఈ రెండూ మగపిల్లలూ చదవచ్చు, చదువుతున్నారు కూడా. జీఎన్ఎం చేసినవాళ్ళు పోస్ట్ బేసిక్ బీఎస్సీతో పైకి రావచ్చు. బీఎస్సీ తర్వాత ఐసీయూ పనిలో అనుభవం సంపాదించి, క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ రెండేళ్ళు చేయవచ్చు. సొంత ఊరికి దగ్గరగా ఉండాలనుకునేవాళ్ళకు పల్లె దవాఖానాల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ ఉద్యోగాలు ఉన్నాయి.

"కాలేజీ ఏదైతేనేం, సర్టిఫికెట్ ముఖ్యం" అంటే ఒప్పుకోకండి. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. తర్వాత ఆ కాలేజీ పిల్లలు ఏ ఆసుపత్రి వార్డుల్లో పనిచేస్తున్నారో స్వయంగా వెళ్ళి చూడండి. రోగులు లేని ఆసుపత్రిలో ఊపిరి లెక్కపెట్టడం ఎవరికీ రాదు.

"జర్మనీకి పంపిస్తాం, ముందు డబ్బు కట్టండి" అనే ఏజెంటు ఎదురైతే, తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉందని గుర్తుంచుకోండి, ముందు అక్కడ అడగండి. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బాగా రావాలి. చదువు ఆఖరి ఏడాదిలోనే భాష మొదలుపెట్టినవాళ్ళకు ఆ మేరకు సమయం కలిసొస్తుంది.