ఒక్క సాంపిల్ మిగిలిన అన్న

మెటీరియల్స్ సైన్స్ ల్యాబుకు ఫర్నేసు, బ్యాలెన్సు, అగేటు కల్వం, డెసికేటరు ఎంత అవసరమో సీనియర్ స్కాలరూ అంతే అవసరం. మొదటి నాలుగూ స్టాక్ రిజిస్టరులో ఉంటాయి. ఐదోది ఉండదు. అందుకే దాన్ని ఏటా తనిఖీ చేసేవాళ్ళూ ఉండరు, కాలం చెల్లిందని తీసేసేవాళ్ళూ ఉండరు.

జూనియర్లు అతన్ని ‘అన్నా’ అంటారు. గైడు ‘మావాడు’ అంటాడు, కోపమొస్తే ‘వీడు’ అంటాడు. ఆఫీసు గుమాస్తాకు రిజిస్ట్రేషన్ నంబరే గుర్తు. ఎత్తూ రంగూ ఊరూ ఏవైనా అన్నను పోల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. “థీసిస్ యాడికొచ్చిందన్నా?” అని అడగాలి. “అయిపోయినట్టే అబ్బయా, ఒక్క సాంపిల్ మిగిలుండాది” అంటే అతను అన్నే, సందేహం లేదు. ఆ సాంపిల్‌ను చూసినవాళ్ళు లేరు. అది తయారయ్యేలోపు ముందు చేసినవాటి కొలతలు పాతబడతాయి. వాటిని మళ్ళీ కొలిచేలోపు రివ్యూయరు ఇంకో సాంపిల్ అడుగుతాడు.

యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు. రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మరో రెండేళ్ళు దొరుకుతాయి. స్త్రీలకూ 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్ళకూ ఇంకో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. థీసిస్ ఇచ్చేముందు పేపరు అచ్చయి తీరాలన్న షరతును యూజీసీ అప్పుడే ఎత్తేసింది, గైడు ఎత్తేయలేదు. అన్నకు ఈ నిబంధనలన్నీ కంఠతా వచ్చు. ల్యాబులో ఎవరికి ఎన్ని నెలలు మిగిలాయో వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతాడు. తన లెక్క దగ్గరకు వచ్చేసరికి మాత్రం కోవిడ్ ఏళ్ళు తీసేసి, ఫర్నేసు పాడైన నెలలు తీసేసి, పెళ్ళిచూపుల సెలవులు తీసేసి, మొన్ననే చేరినట్టు తేలుస్తాడు.

డబ్బు సంగతీ అంతే. 2023 జనవరి 1 నుంచి వర్తించేలా జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000, ఎస్.ఆర్.ఎఫ్. 42,000 రూపాయలైంది. ఉత్తర్వు మాత్రం ఆ ఏడు జూన్‌లో వచ్చింది. కాబట్టి బకాయిలు రావాలి. ఎవరికి ఎంత రావాలో కాగితం మీద వేసి ఇచ్చినవాడు అన్నే. తన ఫెలోషిప్ కాలం అప్పటికే ముగిసింది. మధ్యాహ్నాలు ఓ ప్రైవేటు కాలేజీలో క్లాసులు చెప్పుకుని సాయంత్రానికి ల్యాబుకు వస్తూ కూడా ఆ లెక్కలో పైసా తేడా రానివ్వలేదు.

నెల్లూరు తీరంలో ఈ జాతి రెండు విశ్వవిద్యాలయాల నీడన పెరిగింది. ఒకటి 1954లో తిరుపతిలో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. రెండోది 2008లో ఏర్పడి కాకుటూరులో ప్రాంగణం కట్టుకున్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం. తిరుపతి భౌతికశాస్త్ర విభాగంలో సోలార్ సెల్స్‌కు పనికొచ్చే థిన్ ఫిల్ముల మీద, యూరోపియం, ఎర్బియం లాంటి మూలకాలు కలిపిన గాజుల మీద దశాబ్దాలుగా పని సాగుతోంది. అందుకే ఈ ప్రాంతపు అన్నల్లో సగం మంది ఫిల్ము వేసేవాళ్ళు, సగం మంది గాజు పోసేవాళ్ళు. గాజుకు కావలసిన సరుకు ఊరి పక్కనే ఉంది. చిల్లకూరు, కోట మండలాల తీరపు ఇసుక సిలికాకు పేరుపడింది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్నాయి. ఇవన్నీ చుట్టూ పెట్టుకుని కూడా అన్న సిలికాను సీసాలోనే కొంటాడు. సీసా మీద 99.9 శాతం శుద్ధి అని లేబుల్ లేకపోతే రివ్యూయరు ఒప్పుకోడు.

గాజు పోసే రోజు అన్నకు పండగ. ముందు రసాయనాలను మిల్లీగ్రాముల లెక్కన తూచాలి. కల్వంలో గంటసేపు నూరాలి. క్రూసిబుల్లో పోసి 1,100 డిగ్రీల దగ్గర కరిగించాలి. లేత పాకంలా మారిన దాన్ని పొడుగాటి పట్టకారుతో బయటికి తీసి, ముందే వేడి చేసి ఉంచిన ఇత్తడి పలక మీద ఒక్క ఊపున పోయాలి. వెంటనే ఇంకో ఫర్నేసులో పెట్టి కొన్ని గంటలపాటు మెల్లగా చల్లార్చాలి. పలక చల్లగా ఉన్నా, చెయ్యి ఆలస్యమైనా గాజులో ఒత్తిడి మిగిలిపోయి బిళ్ళ రెండు ముక్కలవుతుంది. పోసేటప్పుడు ల్యాబంతా చుట్టూ మూగుతుంది, ఊపిరి ఆడదు. బిళ్ళ నిలిస్తే అన్న మాట్లాడడు. ‘టప్’మంటే మాత్రం “తేమబ్బా, తేమ” అంటాడు.

ఈ తేమ వట్టి సాకు కాదు. గాజులో వాడే ఫాస్ఫేటు రసాయనాలు కొన్ని గాలిలో తేమను పీల్చుకుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే బ్యాలెన్సు పళ్ళెంలో పొడి బరువు కళ్ళముందే పెరుగుతుంది. చివరి అంకె ఒకచోట నిలవదు. డెసికేటరులోని నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందంటే ఆ రోజుకు తూకం లేదని అన్న ప్రకటిస్తాడు. పేపర్లలో ‘ప్రయోగ విధానం’ అనే భాగం ఉంటుంది కానీ, తుపాను సమయంలో తూకం వేయరాదని అందులో ఎవరూ రాయరు. ఇలాంటివన్నీ అన్న దగ్గరే దొరుకుతాయి.

ఎక్స్-రే డిఫ్రాక్షన్ గ్రాఫు చదవడంలో అతని ప్రతిభ బయటపడుతుంది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె 38 డిగ్రీల దగ్గరొకటి, 45కు కాస్త ముందొకటి, రెండు కొత్త పీకులు కనిపించాయని, ఇంతవరకూ ఎవరూ చూడని ఫేజు దొరికిందని సంబరపడుతుంది. గైడుకు మెసేజ్ పెట్టబోతుంటే అన్న టీగ్లాసు పక్కన పెట్టి గ్రాఫు ఒకసారి చూస్తాడు. “అది నీ సాంపిల్‌ది కాదు తల్లీ, హోల్డరుది. అల్యూమినియం. పొడి తక్కువేసుంటావు” అంటాడు. ఆ అమ్మాయి పొడి కాస్త ఎక్కువ వేసి మళ్ళీ కొలిపిస్తే రెండు పీకులూ మాయమవుతాయి. ఇలా అన్న ఆపిన తప్పు పేపర్లకు లెక్క లేదు. రాసిన ఒప్పు పేపర్లకు మాత్రం లెక్క ఉంది, అది చాలా చిన్నది.

ల్యాబులో లేని కొలతల కోసం చెన్నై పోవాలి. ఐఐటీ ప్రాంగణంలోని సైఫ్ అనే పరికరాల కేంద్రానికి సాంపిళ్ళు తీసుకుపోయే బాధ్యత అన్నదే. ముందురోజు సాయంత్రమే చిన్నచిన్న ప్లాస్టిక్ సీసాలకు పేర్లు అంటించుకుని, పదిమంది పరిశోధనను ఒక టిఫిను డబ్బాలో సర్దుకుని, పొద్దున పినాకిని రైలు ఎక్కుతాడు. అందరి సాంపిళ్ళూ పోతాయి. తనది ఇంకా ఫర్నేసులో ఉంటుంది.

ఇక వార్తలు. పరిశోధన వార్త జర్నల్లో అచ్చయి ప్రపంచానికి తెలుస్తుందనేది పుస్తకాల మాట. ల్యాబులో అది అన్న ద్వారా తెలుస్తుంది, అచ్చవడానికి రెండు నెలల ముందే తెలుస్తుంది. ఎవరి పేపరు రివ్యూకు పోయింది, ఎవరిది వెళ్ళిన గంటలోనే తిరిగొచ్చింది, ఎవరి వైవాకు ఎక్స్‌టర్నల్ ఎవరు, ఆయనకు చేపల పులుసు ఇష్టమా, శాకాహారా — అన్నీ అతనికి ముందే తెలుసు. వాట్సాప్ గ్రూపులో అభినందన సందేశం తొలుత అతనిదే. ఆ వెనక నలభై చప్పట్ల బొమ్మలు వస్తాయి. ‘యాక్సెప్టెడ్’ అనే మెయిల్ వచ్చినవాడు సాయంత్రానికి మలై కాజా తేవాలి. ఈ నియమం యూజీసీది కాదు, అన్నది. కాజా పరిమాణం జర్నల్ ఇంపాక్ట్ ఫాక్టరును బట్టి ఉండాలని అతని అభిప్రాయం. డబ్బు కట్టించుకుని అచ్చేసే జర్నల్ అయితే టీతో సరిపెడతాడు, కాజా ముట్టడు. ఈ ఒక్క విషయంలో అతని నిష్ఠ చాలామంది ప్రొఫెసర్లకు లేదు.

బయటి ప్రపంచపు వార్తలకు కూడా అతనే దిక్కు. ఈ కోణంలో 2023 జూలై, ఆగస్టు నెలలు అన్నకు ఊపిరి సలపని కాలం. జూలై 14 మధ్యాహ్నం 2.35కు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచింది. అక్కడి షార్ కేంద్రంలో రాకెట్ వదిలితే నెల్లూరు మేడల మీదికి జనం ఎక్కడం మామూలే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయిందన్న సంగతిని అన్న ఇప్పటికీ ఒప్పుకోలేదు. మేడమీద అతను చెప్పేది చంద్రుడి గురించి కాదు. రాకెట్‌కు రెండు పక్కలా ఉండే ఎస్-200 మోటార్ల గురించి. ఒక్కోదానిలో సుమారు 200 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అమోనియం పర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి కలిపి రబ్బరు లాంటి పాలిమరుతో గట్టిపరిచిన ఆ ఇంధనాన్ని షార్‌లోనే పోత పోస్తారు. పైతొడుగు మారేజింగ్ ఉక్కుది. “అంతా మెటీరియల్స్ సైన్సే అబ్బయా” అని అన్న ముగించేసరికి రాకెట్ మబ్బుల్లో కలిసిపోయి ఉంటుంది. అతను దాన్ని చూడనే లేదు.

వారం తిరగగానే, జూలై 22న, దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఎల్‌కె-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గరే సూపర్ కండక్టరని ఆర్కైవ్ వెబ్‌సైటులో పేపరు పెట్టారు. సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ తప్ప అందులో ఏమీ లేవు. నిజమైతే కరెంటు తీగల్లో నష్టం ఉండదు, నోబెల్ ఖాయం. వంట విధానం కూడా సులువే. ఒక పొడిని 725 డిగ్రీల దగ్గర ఒక రోజు, ఇంకోదాన్ని 550 దగ్గర రెండు రోజులు ఉంచి, రెండూ కలిపి గాలి తీసేసిన క్వార్ట్జు గొట్టంలో మూసి 925 దగ్గర కాల్చాలి. ఫర్నేసు చాలామంది దగ్గర ఉంటుంది గనక ప్రపంచంలో ఎన్నో ల్యాబులు ఆ వారం అదే వండాయి. అన్నా వండాడు. అయితే గాలి తీసి గొట్టం మూసే సదుపాయం లేక, మూత పెట్టిన క్రూసిబుల్‌తో సర్దుకున్నాడు. నల్లటి గడ్డ ఒకటి వచ్చింది. తేలుతుందేమోనని పాత స్పీకరు విప్పి తీసిన అయస్కాంతం మీద దాన్ని పెట్టి చూశారు. గడ్డ లేవలేదు. తలకిందులు చేశారు. అప్పుడూ లేవలేదు.

ఆ ఏడు మొహర్రం జూలై 29న వచ్చింది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాలో రొట్టెల పండుగ. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇలా ఒక్కో కోరికకూ ఒక్కో రొట్టె. అన్న ఏటా వెళ్ళేవాడే. ఆ ఏడు చెరువు నీళ్ళలో నిలబడి ఏ రొట్టె అడగాలో తేల్చుకోలేక చదువు రొట్టె ఒకటి, విదేశం రొట్టె ఒకటి తీసుకున్నాడు. పెళ్ళి రొట్టె వాళ్ళమ్మ తీసుకుంది.

ఎల్‌కె-99 కథ ఆగస్టు మధ్యకల్లా ముగిసింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేసిన సాంపిల్ సూపర్ కండక్టరు కాలేదు. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్ళు శుద్ధమైన స్ఫటికం పెంచి చూస్తే అది కరెంటునే పోనివ్వని ఇన్సులేటరుగా తేలింది. కొరియా గ్రాఫులో 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెసిస్టెన్సు ఒక్కసారిగా పడిపోవడానికి కారణం కాపర్ సల్ఫైడు మలినం. “నేను ముందే చెప్పలా?” అన్నాడు అన్న. నిజమే, చెప్పాడు. సూపర్ కండక్టరేనని ముందు చెప్పాడు, కాదని కూడా ముందే చెప్పాడు. రెండు రోజుల తేడా. నల్లగడ్డను మాత్రం పారెయ్యలేదు, డెసికేటరులో పైఅరలో ఉంది.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో రామన్ ఎఫెక్టు కనుగొన్న సందర్భాన్ని గుర్తుచేసుకునే ఆ రోజు బడిపిల్లలు వస్తారు, వాళ్ళకు ల్యాబు చూపించేది కూడా అన్నే. ఊదారంగు నియోడిమియం గాజు బిళ్ళను కిటికీ వెలుగులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి పెడతాడు. రెండోసారి అది నీలంగా కనిపిస్తుంది. రంగులేని యూరోపియం గాజు అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలుగుతుంది. పిల్లలు కేకలు వేస్తారు. ఎందుకలా అని అడిగితే ఏడో తరగతివాడికి కూడా అర్థమయ్యేట్టు చెబుతాడు. అదే సంగతి థీసిస్ మూడో అధ్యాయంలో రాయమంటే మూడేళ్ళు పట్టింది.

ఈ జాతిలో అక్కలు కూడా ఉంటారు గానీ తక్కువ. వాళ్ళు గడువుకు ముందే థీసిస్ ఇచ్చేస్తారు గనక వాళ్ళ మీద హాస్యం రాయడం కష్టం.

గైడుతో అన్న సంబంధం వివరించడం అంత తేలిక కాదు. గైడుకు ఇతను పూర్తి చేయాలనీ ఉంటుంది, వెళ్ళకూడదనీ ఉంటుంది. ఇతను వెళితే ఫర్నేసు రిపేరు మనిషి నంబరు ఎవరి దగ్గరుంటుంది? ఏ మీట నొక్కితే ఎక్స్-రే మిషను అలక తీరుతుందో ఎవరికి తెలుసు? అందుకే సినాప్సిస్ ముసాయిదా ఆయన బల్లమీద ఆరు నెలలు ఉంటుంది. అడిగితే “చూస్తా ఉండాను” అంటాడు. ఇందులో కుట్ర ఏమీ లేదు. గడువు దాటుతుందని ఆఫీసు నుంచి కాగితం రాగానే గైడు ఒక్క రాత్రిలో చదివి సంతకం పెట్టేస్తాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోతాయి. పోలిక పరీక్షలో నకలు 10 శాతం లోపే వస్తుంది. ఎక్స్‌టర్నల్‌కు చేపల పులుసు నచ్చుతుంది. వైవాలో అడిగిన ప్రశ్నలన్నీ అన్న ఏళ్ళ తరబడి జూనియర్లను అడిగినవే కావడంతో జవాబులు ఇబ్బంది పెట్టవు. డాక్టరయ్యాక కొందరు ఇంజనీరింగ్ కాలేజీలో చేరతారు. ఎక్కువమంది చూపు మాత్రం దక్షిణ కొరియా మీదే. మెటీరియల్స్ పిహెచ్.డి. చేసిన తెలుగువాళ్ళు అక్కడ పోస్ట్‌డాక్టరల్ ఉద్యోగాల్లో ఏళ్ళుగా ఉన్నారు. ఏ ఊళ్ళో కందిపప్పు దొరుకుతుంది, ఏ ప్రొఫెసరు శనివారం కూడా రమ్మంటాడు అనే వివరాలు అన్న విమానం ఎక్కకముందే సేకరించి పెట్టుకుంటాడు. దిగిన నెలకే కొత్తవాళ్ళకు చెప్పడం మొదలుపెడతాడు.

కొరియా గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ అన్న పని ముగించుకుని గదికి చేరేసరికి ఇక్కడ ల్యాబులో మధ్యాహ్నం టీ వేళ. వీడియో కాల్ వస్తుంది. రెండో ఫర్నేసు తలుపు కాస్త పైకెత్తి మూస్తున్నారా, థర్మోకపుల్ మార్చారా, సిలికా జెల్ ఎండబెట్టారా అని వరసగా అడుగుతాడు. ఫోను ఫర్నేసు ముందు పట్టుకోమని, మీటరులో అంకె చదవమని చెప్పి, అది తను అనుకున్నది కాకపోతే ఫ్యూజు విప్పించి చూస్తాడు. గ్రూపుకు ఇంకా అతనే అడ్మిన్. ఇద్దరు జూనియర్లు ఆ బాధ్యత తమకు అప్పగించమని అడిగారు. వాళ్ళ సాంపిళ్ళు అయ్యాక చూద్దామన్నాడు.