ఆపకూడనివాళ్లు

2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ బయల్దేరింది. మొత్తం 376 బైట్లు. పది నిమిషాల్లో తనకు లొంగే యంత్రాల్లో నూటికి తొంభై పట్టేసింది. ఆ వార్త చదివాక హైదరాబాదులో ఒక కంపెనీ చొరబాట్లను పట్టే సెన్సర్ కొన్నది. దాన్ని అమర్చే పని నెట్‌వర్క్ చూసే కుర్రాడికి అప్పజెప్పారు.

ఆ సెన్సర్ తన చేత్తో దేన్నీ ఆపదు. వచ్చేపోయే ప్యాకెట్లను చూస్తుంది. దాడి కనబడితే రౌటర్‌లోకి లాగినై, యాక్సెస్ లిస్టులో ఆ అడ్రసు మీద ఒక డినై లైను రాస్తుంది. అరగంటయ్యాక తనే చెరిపేస్తుంది. కుర్రాడు రౌటర్ పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఏ ఇంటర్‌ఫేసో, ఏ దిశో చెప్పాడు. ఒక్క గడి మిగిలింది: ఎప్పటికీ ఆపకూడని అడ్రసులు.

ఆ గడి నింపకపోతే ప్రమాదమే. ప్యాకెట్ మీద పంపినవాడి అడ్రసు దొంగది రాయడం కష్టం కాదు. డీఎన్ఎస్ సర్వర్ అడ్రసుతో బయటివాడెవడో ఒక ప్యాకెట్ విసిరితే, సెన్సర్ అది నమ్మి సొంత సర్వర్‌నే మూసేస్తుంది. అందుకే కుర్రాడు ముఖ్యమైన సర్వర్లన్నీ రాసి డైరెక్టర్‌కి చూపించాడు.

"నా లాప్‌టాప్ ఏదీ?"

"అది అక్కర్లేదు సార్. ఇవి సర్వర్లు."

"క్లయింటుతో పనిలో ఉండగా నన్ను ఆపేస్తే? రాయవయ్యా."

రాశాడు. సాయంత్రానికి సంగతి ఫైనాన్స్ హెడ్‌కి తెలిసింది. మర్నాడు సేల్స్ మేనేజర్లు వచ్చారు. ఆ జాబితాలో లేకపోవడం నామోషీ అయిపోయింది. ఒకాయన తన అడ్రసు తన జూనియర్ కింద ఉందని పైకి మార్పించుకున్నాడు. ఎవరు పైనున్నా సెన్సర్‌కి ఒకటేనని కుర్రాడు చెప్పలేదు.

"మరి నీది రాసుకోలేదేం?" అన్నాడు పక్క సీటాయన.

"నాదెందుకన్నా? కాపలా కాసేది నేనే కదా."

సేల్స్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆ లాప్‌టాపులన్నింట్లో ఒక చిన్న డేటాబేస్ ఇంజిన్ ఉంది. స్లామర్ దూరేది దాని కంతలోంచే. ఆ కంతకు 2002 జులైలోనే ప్యాచ్ వచ్చింది. వేస్తానంటే లాప్‌టాప్ వదిలే తీరిక ఎవరికీ దొరకలేదు.

సోమవారం డైరెక్టర్ ఇంట్లో ఇంటర్నెట్ చూసుకుని, లాప్‌టాప్ మూత మూసి తెచ్చాడు. ఇంట్లోనే దానికి స్లామర్ అంటుకుంది. ఆఫ్ చేసి ఉంటే పోయేది. స్లామర్ డిస్కు మీద ఉండదు, మెమరీలోనే ఉంటుంది. ఆఫీసులో మూత తెరిచి కేబుల్ పెట్టాడు. నిమిషాల్లో ఫైనాన్స్‌కి అంటుకుంది, తర్వాత సేల్స్‌కి. సెన్సర్ మొదటి ప్యాకెట్‌నే పట్టింది. ఒక్కో అడ్రసుకీ అలారం రాసింది. జాబితా చూసింది. వదిలేసింది.

ఇంకా ఏయే యంత్రాల్లో స్లామర్ దూరే 1434 పోర్టు తెరిచి ఉందో తెలిస్తే వాటినైనా కాపాడవచ్చని కుర్రాడు తన సీటు నుంచి స్కాన్ మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయింది. రౌటర్‌లోకి వెళ్లబోయాడు. రానివ్వలేదు. అరగంట అలాగే కూర్చున్నాడు. ఆ అరగంటలో ఆఫీసు మొత్తం పడిపోయింది.

సాయంత్రం డైరెక్టర్ రిపోర్టు తెప్పించుకున్నాడు. 'ఆపినవి' అన్న చోట ఒకే ఒక్క అడ్రసు ఉంది.

"పెట్టిన డబ్బు వృథా పోలేదయ్యా, దొంగ దొరికాడు," అన్నాడు కుర్రాడితో. "ఈ అడ్రసు ఎవడిదో చూసి, వాణ్ణి రేపట్నుంచి రావద్దని చెప్పు."